వంద గినీల తివాచీ

మా తాతగారు చీరాలలో మగ్గం నేసేవారు. ఆయన నోటివెంట నేను బూతుమాట ఎన్నడూ వినలేదు గాని, "మాంచెస్టరు గుడ్డ" అన్న రెండు మాటలను మాత్రం ఆయన బూతులాగే పలికేవారు. ఆ కోపం న్యాయమైనదే. మాంచెస్టరు చుట్టూ ఉన్న లాంకషైరు మరమగ్గాల మీద తయారై ఓడల్లో వచ్చి దిగిన చవక గుడ్డ మన కోస్తా జిల్లాల సాలె వీధుల్లో ఎన్ని మగ్గాలను మూలకు చేర్చిందో లెక్క కట్టినవారు లేరు. 2023 వేసవిలో, మాంచెస్టరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరికి మేమిద్దరం వెళ్లినప్పుడు, నాకు ఆ మిల్లుల కన్నా వాటిలో పనిచేసిన కూలీలు చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఎక్కడికి వెళ్లి ఖర్చు పెట్టేవారో చూడాలనిపించింది. వాళ్లు వెళ్లింది ఐరిష్ సముద్రపు ఒడ్డునున్న బ్లాక్‌పూల్‌కు. ఆ ఊళ్లో వాళ్ల డబ్బుతో పెరిగి, వాళ్లు రావడం మానేశాక కూడా నిలిచి ఉన్న భవనం వింటర్ గార్డెన్స్. చిక్కడపల్లికి తిరిగివచ్చాక దాని గురించి చదివినదీ, అక్కడ కళ్లారా చూసినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ప్రయాణాల సంగతి చెప్పుకోవాలి. సంక్రాంతికి హైదరాబాదు ఎలా ఖాళీ అవుతుందో, సికింద్రాబాదు స్టేషనులో నిలబడటానికి చోటు లేకుండా ఎలా పోతుందో మనకు తెలుసు. లాంకషైరులో ఒక్కొక్క మిల్లు ఊరికి ఏడాదికి ఒక్కొక్క వారం అలాంటి సంక్రాంతి ఉండేది. దాన్ని వేక్స్ వారం అనేవారు. ఓల్డ్‌హామ్‌కు ఒక వారం, బర్న్‌లీకి మరొక వారం, బోల్టన్‌కు ఇంకొకటి; ఆ వారమంతా ఊళ్లోని మిల్లులన్నీ మూతపడేవి, బాయిలర్లు కడిగేవారు, యంత్రాలు బాగుచేసేవారు, జనం మూటాముల్లే సర్దుకుని రైలెక్కేవారు. 1846లోనే బ్లాక్‌పూల్‌కు రైలు వచ్చింది. ఊళ్లన్నీ ఒకేసారి కాకుండా వంతులవారీగా సెలవు తీసుకోవడం వల్ల వేసవి పొడుగునా అక్కడికి కొత్త జనం వస్తూనే ఉండేవారు. ఆ సెలవుకు జీతం ఉండేది కాదు. జీతంతో కూడిన సెలవుల చట్టం 1938లో గాని రాలేదు. కాబట్టి ఏడాది పొడుగునా వారానికి ఇంత అని సంఘంలో కట్టి, సెలవు ముందు రోజు మొత్తం చేతికి తీసుకునేవారు. మన వీధుల్లో వేసే పండుగ చీటీలకూ దానికీ పేరులో తప్ప తేడా లేదు. తాతగారి బద్ధశత్రువులు కూడా చీటీలు కట్టేవారని తెలిసిన రోజున నాకు ఎందుకో నవ్వు వచ్చింది.

అయితే వింటర్ గార్డెన్స్‌ను తలపెట్టినవారు ఈ చీటీల జనాన్ని దృష్టిలో పెట్టుకోలేదు. 1875లో కంపెనీ పెట్టి, ఆ ఊరికి తరువాతి ఏడాది మొదటి మేయరైన డాక్టర్ కాకర్ దగ్గర స్థలం కొన్నప్పుడు, వాళ్లు కోరుకున్నది వానకూ గాలికీ జంకకుండా శీతకాలంలో కూడా వచ్చి నాలుగు రోజులుండే మర్యాదస్తులైన కలవారిని. వింటర్ గార్డెన్ అంటే ఆ రోజుల్లో అద్దాల కప్పు కింద పెంచే తోట. పైన గాజు, కింద ఫెర్న్ మొక్కలు, మధ్యలో నడవడానికి దారి, ఒక పక్క వాద్యబృందం. థామస్ మిచెల్ అనే వాస్తుశిల్పి రూపొందించిన ఈ భవనాన్ని 1878 జూలై 11న లండన్ లార్డ్ మేయరు వచ్చి ప్రారంభించారు. లోపల పూలశాల, పెవిలియన్ అనే నాటకశాల, చక్రాల బూట్లతో జారే ఆటస్థలం ఉండేవి; చర్చ్ స్ట్రీట్ వైపు గుమ్మంలో నిలబడి తలెత్తితే పెద్ద గుమ్మటం కనిపిస్తుంది. సముద్రపు ఊళ్లోని వినోదశాల అంటారు గాని, ఇది ఒడ్డున లేదు. నాలుగడుగులు ఊరి లోపలికి ఉంది, అక్కడినుంచి సముద్రం కనిపించదు. ఆ గాలిలో ఒక పూట తిరిగాక అలా ఎందుకు కట్టారో నాకు బాగానే అర్థమైంది.

తోటకూ వినోదానికీ ముడి వేయడం మనకేమీ కొత్త కాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ను పాతవారు బాగ్-ఎ-ఆమ్ అనేవారు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన నుమాయిష్ పుట్టింది ఆ తోటలోనే, ఎగ్జిబిషన్ మైదానానికి మారింది 1946లో. లలిత కళాతోరణం ఇప్పటికీ ఆ చెట్ల మధ్యనే ఉంది. కాకపోతే మన తోటకు అద్దాల కప్పు అక్కరలేకపోయింది.

మర్యాదస్తుల కోసం కట్టిన ఆ తోట మొదటి పదేళ్లూ డబ్బు తెచ్చిపెట్టలేదు. 1887లో లండన్ సంగీతశాలలు నడిపి చేయి తిరిగిన విలియం హాలండ్ మేనేజరుగా వచ్చాడు. మీసాలకు మైనం పూసుకునే ఆ మనిషికి జనం నాడి తెలుసు. అతని గురించి ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. నేలకు వంద గినీలు (గినీ అంటే పౌండు మీద ఒక షిల్లింగు) పెట్టి తివాచీ కొనిపిస్తానని అతనంటే, మిల్లు కూలీలు వచ్చి దాని మీద ఉమ్ముతారని డైరెక్టర్లు అడ్డుపడ్డారట. అతను తివాచీ కొనడమే కాదు, "వచ్చి బిల్ హాలండ్ వంద గినీల తివాచీ మీద ఉమ్మండి" అని ఊరంతా ప్రకటన చేయించాడట. జనం విరగబడి వచ్చారట, ఒక్కరూ ఉమ్మలేదట. లండన్‌లో అతను నడిపిన సంగీతశాల పేరుతో కూడా ఇదే కథ వినిపిస్తుంది గనుక, అది నిజంగా బ్లాక్‌పూల్‌లో జరిగిందని ప్రమాణం చేయను. అయినా గోడ మూలల్లో దేవుళ్ల పటాల పలకలు అతికించి పాన్ ఉమ్ములనుంచి మెట్లను కాపాడుకునే నగరంలో ఉండేవాడిగా, హాలండ్ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. అతను భయపెట్టలేదు, వేడుకోలేదు, పందెం కాశాడు. 1889లో నాటకశాలలు కట్టే వాస్తుశిల్పి ఫ్రాంక్ మాచమ్ చేత అదే ప్రాంగణంలో ఆపెరా హౌస్ కట్టించినదీ అతని హయాంలోనే. 1895 చివర అతను చనిపోయేనాటికి ఆ స్థలం మర్యాదస్తులది కాకుండా పోయింది, లాభాల్లో పడింది.

ఆ లాభాలకు వెంటనే పోటీ వచ్చింది. 1894లో సముద్రపు ఒడ్డున 518 అడుగుల బ్లాక్‌పూల్ టవర్ లేచింది. దానికి జవాబుగా వింటర్ గార్డెన్స్ వారు 1896లో రెండు పనులు చేశారు. ఒకటి, 220 అడుగుల ఎత్తున్న రంగులరాట్నం. రైలుపెట్టెల్లాంటి 30 గదులు, ఒక్కో గదిలో 30 మంది. కాని అది మరీ నెమ్మదిగా తిరిగేది, ఒకసారి ఎక్కినవారికి రెండోసారి ఎక్కాలనిపించేది కాదు. 1928లో దాన్ని విప్పేసి అమ్మేశారు. రెండవది ఎంప్రెస్ బాల్‌రూమ్. 12,500 చదరపు అడుగుల చెక్కనేల, దాని మీద పీపాను నిలువునా కోసి బోర్లించినట్టు వంపు తిరిగిన పైకప్పు, చుట్టూ బాల్కనీ, వరుసగా షాండ్లియర్లు. టవర్ వారు దీన్ని చూసి ఊరుకోలేక, మాచమ్‌నే పిలిచి 1899లో తమ బాల్‌రూమ్ తెరిచారు. ఇద్దరు పెద్దషావుకార్లు పంతాలకు పోయి పక్కపక్క వీధుల్లో పెళ్లిపందిళ్లు వేసినట్టయింది గాని, ఆ పంతం వల్ల ఆ చిన్న ఊరికి దేశంలోనే పేరున్న రెండు నాట్యశాలలు దక్కాయి.

ఎంప్రెస్ అన్న పేరు దగ్గర నేను కాసేపు ఆగాను. విక్టోరియా తన దేశంలో రాణి మాత్రమే. చక్రవర్తిని అన్న బిరుదు ఆమెకు 1876లో మన దేశం పేరు మీద వచ్చింది. ఆ బాల్‌రూమ్‌తో పాటే భారతీయ శైలి అని వాళ్లు అనుకున్న అలంకరణతో ఇండియన్ లౌంజ్ ఒకటి కట్టారు. మన నూలు మార్కెట్టును పట్టుకుని జీతాలు సంపాదించిన జనం, మన పేరు పెట్టిన గదిలో కూర్చుని టీ తాగేవారన్నమాట. 1964లో దాన్ని తీసేసి ప్లానెట్ రూమ్‌గా మార్చేశారు గనుక, మనవాటిలో దేన్ని చూసి ఆ గది చెక్కారో పరిశీలించే అవకాశం నాకు లేకపోయింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ నాట్యశాల చేసిన పనుల జాబితా విచిత్రమైనది. మొదటి ప్రపంచయుద్ధం చివర నౌకాదళం దాన్ని స్వాధీనం చేసుకుని, ఆర్-33 అనే గాలిఓడకు వాయువు నింపే తిత్తులను ఆ నేల మీద పరిచి తయారు చేయించింది. అంత విశాలంగా, స్తంభాల అడ్డు లేకుండా ఉన్న గది మరెక్కడా దొరకలేదేమో. యుద్ధం ముగిసిన కొద్దికాలానికే, 1920లో, అదే నేల మీద బ్లాక్‌పూల్ నాట్యోత్సవం మొదలైంది. జంటగా చేసే వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్ వంటి నృత్యాలలో పోటీ పడేవారికి, మన సంగీత విద్వాంసులకు మద్రాసు డిసెంబరు కచేరీలు ఎలాంటివో, ఇది అలాంటిది. ఇప్పటికీ ప్రతి ఏటా మే నెలలో ఎన్నో దేశాల నుంచి జంటలు వస్తాయి.

1928లో టవర్ కంపెనీ తన పాత ప్రత్యర్థిని కొనేసింది. కొత్త యజమానులు అద్దాల తోటను కాస్త పక్కకు పెట్టి, 1930 ప్రాంతంలో లోపలంతా కొత్త గదులు వేయించారు. ఈ గదుల గురించే నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాటిని చేసిన ఆండ్రూ మాజ్జీ సినిమా సెట్లు వేసే కళాదర్శకుడు. స్పానిష్ హాల్‌లో పైకప్పు అంచున కొండలు, వాటి మీద స్పెయిన్ పల్లెలు, తెల్లని ఇళ్లు ఉబ్బెత్తుగా వస్తాయి. ఇంకో గది పాత జమీందారు కోటలోని హాలులా ఉంటుంది. మరొకటి ఓడలోపలి భాగంలా ఉంటుంది. ఆ దూలాలు చూస్తే వందేళ్లు చేవ తేలిన టేకు అనిపిస్తుంది. హైదరాబాదులో ఉంటూ సినిమా సెట్లు చూసినవాడిని గనుక, మార్గదర్శకుడు అటు తిరిగినప్పుడు వేలి మెటికతో ఒక స్తంభాన్ని కొట్టి చూశాను. డొల్లగా మోగింది. అంతా పీచు కలిపిన ప్లాస్టరు. సెట్టు వారం ఉంటే చాలునని వేస్తారు, ఇది తొంభై ఏళ్లు దాటినా ఉంది. ఏడాదికొక వారం స్పెయిన్ చూడగల స్తోమత లేని బట్టలమిల్లు కార్మికుడికి అదే స్పెయిన్. ఆ హాలు తెరిచిన కొద్దికాలానికే, 1931 సెప్టెంబరులో, గాంధీగారు ఆ మిల్లు ప్రాంతంలోని డార్వెన్‌కు వెళ్లి, విదేశీ వస్త్ర బహిష్కారం వల్ల పని తగ్గిన కార్మికులను స్వయంగా కలిశారు. ఆయనను వాళ్లు ఆదరంగానే చూశారని అందరూ రాశారు. ఈ సంగతి తాతగారికి చెప్పి ఉంటే ఏమనేవారో ఊహించలేను.

మూడో ఆపెరా హౌస్ కథ ముహూర్తబలం లేని పెళ్లి వంటిది. మాచమ్ కట్టినది చాలక 1910-11లో మళ్లీ కట్టారు. అదీ చాలక 1938లో పడగొట్టి, సుమారు 3,000 మంది కూర్చునే హాలును 1939 జూలైలో తెరిచారు. హాస్యనటుడు జార్జ్ ఫార్మ్‌బీ ఆటతో అది మొదలైంది, ఏడు వారాల్లో యుద్ధం వచ్చింది. అయితే బ్లాక్‌పూల్ ఆ యుద్ధంలో ఖాళీగా లేదు. లక్షల మంది వైమానికదళ యువకులు తొలి శిక్షణకు అక్కడికే వచ్చారు, వింటర్ గార్డెన్స్ గదుల్లో మోర్స్ కోడ్ నేర్చుకున్నారు, సాయంత్రాలు అక్కడే నాట్యం చేశారు. 1955లో రాయల్ వెరైటీ ప్రదర్శన లండన్ బయట మొట్టమొదటిసారి జరిగింది ఈ ఆపెరా హౌస్‌లోనే. రాణి ఎలిజబెత్ వచ్చి చూశారు.

ఇక్కడ మళ్లీ ఉమ్మి ప్రసక్తి వస్తుంది. 1964 జూలై 24న ఎంప్రెస్ బాల్‌రూమ్‌లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం కచేరీ. ఆ వారం స్కాట్లండ్ వారి సెలవు; హాలు కిక్కిరిసింది. వేదిక ముందున్న కొందరు తాగి, వాద్యగాళ్ల మీద ఉమ్మడం మొదలుపెట్టారు. బృందంలో గిటారు వాయించే కీత్ రిచర్డ్స్ సహనం కోల్పోయి, వేదిక అంచున ఉన్నవాణ్ణి బూటుతో తన్నాడు. తరువాత జరిగింది కచేరీ కాదు, కొట్లాట. వేదిక మీది పియానోను కిందికి తోసి ముక్కలు చేశారు, షాండ్లియర్లు పగిలాయి, పదుల సంఖ్యలో జనం గాయపడ్డారు. ఆ ఊరు ఆ బృందాన్ని నిషేధించింది, 2008లో గాని ఆ నిషేధం ఎత్తివేయలేదు. హాలండ్ తివాచీ మీద ఉమ్మని తాతల మనుమలు ఈ పని చేశారని ఎవరైనా అనవచ్చు, కాని ఆ రాత్రి ఉన్నది సంగీతానికి కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టే జనం కాదు. ఆ వాద్యాల హోరుకు ఆ పాత పద్ధతి సరిపడలేదు. ఇరవై అయిదేళ్ల తరువాత, 1989 ఆగస్టులో, స్టోన్ రోజెస్ అనే మాంచెస్టరు బృందం అదే హాలులో పాడింది. మా అబ్బాయి ఆఫీసులో నడివయసువాళ్లు ఆ కచేరీ పేరు ఎత్తితే ఇప్పటికీ గొంతు మార్చి మాట్లాడతారట.

నాట్యానికీ కచేరీలకూ సమానంగా ఈ ప్రాంగణం రాజకీయ సభలకు పేరుపడింది. మూడు ప్రధాన పార్టీలూ, కార్మిక సంఘాల కాంగ్రెసూ వంతులవారీగా ఇక్కడికి వచ్చేవి. 1963లో ప్రధాని మాక్మిలన్ రాజీనామా వార్త కన్సర్వేటివ్ మహాసభ నడుస్తుండగా ఇక్కడే వినిపించింది. 1975లో మార్గరెట్ థాచర్ పార్టీ నాయకురాలిగా తొలి మహాసభ ప్రసంగం చేసినదీ ఇక్కడే. మనకు సంబంధించినది వేరొకటి. 1945 మేలో లేబర్ పార్టీ బ్లాక్‌పూల్‌లో సమావేశమై, యుద్ధకాలపు ఉమ్మడి ప్రభుత్వం నుంచి బయటికి రావాలని తేల్చుకుంది. జూలైలో ఎన్నికలు గెలిచి అట్లీ ప్రధాని అయ్యారు. తరువాతి కథ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది.

1960ల తరువాత దిగజారుడు మొదలైంది. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, వాటితో పాటు వేక్స్ వారాలూ పోయాయి. చవక విమానాలు వచ్చి, ఒకప్పుడు ప్లాస్టరు స్పెయిన్ చూసి మురిసిన జనానికి అసలు స్పెయిన్‌నే, అదీ ఎండతో సహా, అందుబాటులోకి తెచ్చాయి. 2007 తరువాత పెద్ద పార్టీల వార్షిక మహాసభలు మాంచెస్టరు, బర్మింగ్‌హామ్ వంటి నగరాలకు తరలిపోయాయి. 2010లో స్థానిక మునిసిపాలిటీ వింటర్ గార్డెన్స్‌నూ టవర్‌నూ కలిపి సుమారు 4 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. ప్రజల డబ్బుతో పాత నాట్యశాలలు కొనడమేమిటని మన దగ్గరైతే రెండు రోజులు టీవీ చర్చలు జరిగేవి. అక్కడ కూడా జరిగే ఉంటాయి. 2022లో పక్కనే కొత్త సమావేశ కేంద్రాన్ని తెరిచారు, ఆ ఏడాది మార్చిలో కన్సర్వేటివ్ పార్టీ వసంతకాల సమావేశానికి తిరిగి వచ్చింది.

మేము వెళ్లిన రోజున బాల్‌రూమ్ ఖాళీగా ఉంది. నాట్యోత్సవం ముగిసి ఎక్కువ రోజులు కాలేదు; నేల తళతళలాడుతోంది. మా శ్రీమతి చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది, ఇప్పటికీ ఇంట్లో పదిమంది పిల్లలకు నేర్పుతుంది. నాలుగేళ్ల క్రితం మన నగరంలోని ఒక హాలులో, పైకి ఎర్ర తివాచీ పరిచి ఉన్నా కింద గ్రానైటు రాయి ఉన్న వేదిక మీద, పిల్లలకు చూపించబోయి గట్టిగా అడుగు వేసి మోకాలు దెబ్బతీసుకుంది. నిర్వాహకులను అడిగితే రాయి అయితే తుడవడం తేలిక అన్నారు. ఎంప్రెస్ బాల్‌రూమ్ నేల అలాంటిది కాదు. చెక్కపలకల కింద ఖాళీ ఉంటుంది, ఆధారపు దూలాలు కాస్త వంగుతాయి, పాదం పడినప్పుడు ఆ దెబ్బను నేల తానే తీసుకుని కొంత తిరిగి ఇస్తుంది.

ఆమె బూట్లు విప్పి ఒక పక్కన పెట్టింది. మేజోళ్లతోనే అరమండి కూర్చుని, తలుపు వైపు ఒకసారి చూసి, నాలుగు అడుగులు వేసింది. చప్పుడు పైకప్పు వంపు దాకా వెళ్లి తిరిగి వచ్చింది.

"ఏమండీ, ఇది కాలును కిందినుంచి ఎత్తుతోంది," అంది.

అప్పటికి మా సందర్శన సమయం అయిపోయింది. తలుపు దగ్గర తాళాల గుత్తితో నిలబడ్డ పెద్దాయన గడియారం చూసుకుని, ఆమె బూట్ల వైపు చూసి, వెళ్లి బాల్కనీ కింద కుర్చీలో కూర్చున్నారు.